ప్రతి మలుపులోనూ ముందు అతనే!

గబ్బర్ సింగ్ అనగానే మనకు సినిమాయే గుర్తొస్తుంది. గఢ్వాల్ కొండల్లో ఆ పేరు చెబితే మాత్రం ఇంకో మనిషి గుర్తొస్తాడు. నూటపదేళ్ల కిందట ఏడు సముద్రాల అవతల యుద్ధానికి వెళ్లి, ఇరవై ఏళ్లు నిండకుండానే ప్రాణం వదిలిన కుర్రాడు. ఆ సిపాయి పేరిట అక్కడ ఏటా జాతర జరుగుతుంది!

రిషికేశ్‌లో గంగలో మునిగి, తెల్లవారకముందే గంగోత్రికి బయల్దేరతారు మన తెలుగు యాత్రికులు. నరేంద్రనగర్ దాటాక దారి మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. ఒక మలుపు తిరిగేసరికి ఇంకో మలుపు. అలా అరవై కిలోమీటర్లు వెళ్తే వస్తుంది చంబా. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా కాదు, ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ గఢ్వాల్ జిల్లాలో ఉన్న చిన్న పట్నం. డ్రైవరు టీ కోసం బండి ఆపితే మనవాళ్లు ఓ పదినిమిషాలు దిగుతారు. దూరంగా కనిపించే మంచుకొండలను చూసి దండం పెట్టుకుంటారు, మళ్లీ ఎక్కేస్తారు. ఊళ్లో రద్దీని తప్పించడానికి పట్నం కింద నుంచే 440 మీటర్ల సొరంగం కూడా తవ్వారు. అందులోంచి వెళ్తే ఆ పదినిమిషాల ఆగడమూ ఉండదు.

కానీ ఆ పట్నంలో చూడాల్సింది ఒకటుంది. రైఫిల్‌మ్యాన్ గబర్ సింగ్ నేగీ స్మారకం. ఏటా ఏప్రిల్ 21 వచ్చిందంటే చాలు, చుట్టుపక్కల కొండల మీద ఉన్న పల్లెలన్నీ అక్కడికి దిగివస్తాయి. సైనికులు వచ్చి వందనం చేస్తారు. పిల్లలు, ముసలివాళ్లు, సెలవు మీద ఇంటికొచ్చిన జవాన్లు, కొత్తగా అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లలు... అందరూ కలుసుకునే రోజది. మన ఊళ్లలో తిరునాళ్లు ఎలాగో వాళ్లకు అదలాగ. తేడా ఒక్కటే. అక్కడ ఉత్సవం దేవుడికి కాదు, ఓ మామూలు సిపాయికి.

ఆ సిపాయి చనిపోయింది చంబాలో కాదు. మన దేశంలోనే కాదు. ఫ్రాన్స్‌లో!

నెలకు పదకొండు రూపాయలు

చంబాకు దగ్గర్లోని మంజూడ్ అనే పల్లెలో 1895 ఏప్రిల్ 21న పుట్టాడు గబర్ సింగ్. అప్పట్లో అదంతా టెహ్రీ రాజుగారి సంస్థానం. కొండ వాలును మెట్లుమెట్లుగా చదును చేసుకుని పండించుకునే కాస్త గోధుమ, కాస్త చిరుధాన్యం. ఆ పంట ఏడాది పొడవునా ఇంటిల్లిపాదికీ సరిపోయేది కాదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాలంటే కొండ దిగాలి. దిగినవాళ్లకు కనిపించే దారి పటాలం ఒక్కటే.

గఢ్వాలీల కోసం 1887లోనే ఆంగ్లేయులు ప్రత్యేకంగా ఒక పటాలం పెట్టారు. లాన్స్‌డౌన్ అనే కొండ ఊరు దాని స్థావరం. తర్వాతి రోజుల్లో అదే 39వ గఢ్వాల్ రైఫిల్స్ అయింది. అప్పటి భారతీయ సిపాయి జీతం నెలకు పదకొండు రూపాయలు. ఇప్పుడు మనకు నవ్వొచ్చే మొత్తమే. డబ్బు మొహం చూడని కొండ పల్లెకు మాత్రం పోస్టుమ్యాన్ తెచ్చే ఆ మనియార్డరే పెద్ద ఆధారం. 1913లో, పద్దెనిమిదేళ్ల వయసులో గబర్ సింగ్ ఆ రెజిమెంటు రెండో బెటాలియన్‌లో చేరాడు. అప్పటికి యుద్ధమన్న మాటే లేదు. ఏడాది తిరగకుండానే ప్రపంచమంతా అంటుకుంది.

పత్తి బట్టలతో మంచులోకి

1914 ఆగస్టులో జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. బ్రిటన్ యుద్ధంలో దిగిందంటే భారతదేశమూ దిగినట్టే. మనల్ని ఎవరూ అడగలేదు! అప్పట్లో బ్రిటన్ సొంత సైన్యం చిన్నది. కొత్తవాళ్లను చేర్చుకుని, తర్ఫీదిచ్చి పంపడానికి నెలలు పడుతుంది. ఆలోగా ఫ్రాన్స్‌లో నిలబడటానికి శిక్షణ పొందిన సైన్యం కావాలి. అలాంటి సైన్యం సిద్ధంగా ఉంది ఇక్కడే. లాహోర్, మీరట్ డివిజన్లకు పిలుపొచ్చింది. గఢ్వాల్ రైఫిల్స్ రెండు బెటాలియన్లూ మీరట్ డివిజన్‌లో భాగం. అక్టోబరులో ఓడలు మార్సెయ్ రేవుకు చేరాయి. సముద్రమే చూడని కొండ కుర్రాళ్లు ఫ్రాన్స్ గడ్డ మీద కాలు పెట్టారు.

కొండల్లో పుట్టినవాళ్లకు చలి కొత్త కాదు. కానీ ఫ్రాన్స్‌లోని ఫ్లాండర్స్ ప్రాంతపు చలి వేరు. అక్కడ నేలంతా బురద. రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లలో మోకాలిలోతున గంటల తరబడి నిలబడాలి. వేడి దేశంలో తొడుక్కునే పల్చని ఖాకీ దుస్తులతో దిగినవాళ్లకు వెచ్చని కోట్లు అందడానికి చాలాకాలం పట్టింది. భాష రాదు. తిండి అలవాటైంది కాదు. ఎదురుగా మరతుపాకులు.

ఆ పరిస్థితుల్లోనే గఢ్వాలీల పేరు మొదటిసారి లోకానికి తెలిసింది. నవంబరు 23 రాత్రి ఫెస్టుబెర్ దగ్గర మొదటి బెటాలియన్‌కు చెందిన నాయక్ దర్వాన్ సింగ్ నేగీ, గాయాలు కారుతుండగానే శత్రువు పట్టుకున్న కందకంలో ముందు చొరబడ్డవాళ్లలో ఒకడయ్యాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. బ్రిటిష్ సైన్యంలో అదే అతి పెద్ద శౌర్య పతకం. భారతీయ సిపాయిలకు దాన్ని ఇవ్వడానికి వీలు కల్పించింది 1911లో మాత్రమే. అంతకుముందు ఎంత సాహసం చేసినా మనవాళ్లకు ఆ అర్హతే లేదు! డిసెంబరు 5న ఐదో జార్జి చక్రవర్తి ఫ్రాన్స్‌కు వచ్చి దర్వాన్ సింగ్‌కు స్వయంగా పతకం తొడిగారు.

ముప్ఫై ఐదు నిమిషాల నిప్పుల వాన

1915 మార్చి 10. ఉత్తర ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ అనే చిన్న పల్లె. దాన్ని జర్మన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆ పల్లెను తీసుకుని, వెనక ఉన్న ఓబెర్ గట్టు దాకా దూసుకుపోవాలన్నది బ్రిటిష్ సేనాపతుల పథకం. దాడికి దిగిన బలగంలో దాదాపు సగం భారతీయులే.

అంతకుముందే విమానాల్లోంచి ఫొటోలు తీసి, జర్మన్ల కందకాలు ఎక్కడెక్కడున్నాయో పటాలు గీశారు. అప్పటికి అది కొత్త విద్య. ఉదయం ఏడున్నరకు మూడు వందలకు పైగా ఫిరంగులు ఒక్కసారిగా గర్జించాయి. ముప్ఫై ఐదు నిమిషాల పాటు ఆగకుండా గుండ్ల వర్షం. ఎనిమిదీ అయిదుకు ఫిరంగులు గురి మార్చాయి. ఈలలు మోగాయి. కందకాల్లోంచి సిపాయిలు పైకి లేచి పరుగు తీశారు.

గఢ్వాల్ రైఫిల్స్ మొదటి బెటాలియన్ ఆ పొగలో దారి తప్పి కుడివైపుకు మళ్లింది. అక్కడ ముళ్లకంచె చెక్కు చెదరలేదు, కందకంలో జర్మన్లు సిద్ధంగా ఉన్నారు. ఆ ముళ్లతీగల మధ్యే ఎందరో కూలిపోయారు. రెండో బెటాలియన్ మాత్రం తిన్నగా వెళ్లి జర్మన్ల కందకంలోకి దిగింది. అందులో ఉన్నాడు గబర్ సింగ్.

మలుపు వెనక ఏముందో...

ఆ రోజు అతను చేసిన పని ఎంతటిదో తెలియాలంటే కందకం ఎలా ఉంటుందో తెలియాలి. కందకమంటే తిన్నగా తవ్విన కాలువ కాదు. కొన్ని గజాలకో మలుపు ఉండేలా వంకరటింకరగా తవ్వుతారు. ఒకచోట బాంబు పడితే దాని దెబ్బ ఆ మలుపు దగ్గరే ఆగిపోవాలని, శత్రువు ఒక కొసన చొరబడితే చివరిదాకా తుపాకీ పేల్చే వీల్లేకుండా ఉండాలని ఈ ఏర్పాటు. కాబట్టి లోపలికి దిగిన సైనికుడికి కనిపించేది నాలుగు గజాలే. మలుపు అవతల ఎంతమంది ఉన్నారో, ఏ తుపాకీ గురిపెట్టి ఉందో తెలియదు.

అలాంటి కందకాన్ని స్వాధీనం చేసుకోవాలంటే ఒకటే పద్ధతి. ముందు మలుపు అవతలికి బాంబు విసరాలి. అది పేలీ పేలగానే బాయ్‌నెట్ బిగించిన తుపాకులతో కొందరు అటు దూకాలి. అప్పటి బాంబులైనా సరిగ్గా ఉండేవా అంటే అదీ లేదు. కార్ఖానాల్లో తయారైనవి చాలక, ఖాళీ జామ్ డబ్బాల్లో మందు కూరి, వత్తి పెట్టి వాడిన రోజులవి. అది పేలుతుందో లేదో ఎవరికీ భరోసా లేదు. పేలినా, పేలకపోయినా ఆ మలుపులోకి ఎవరో ఒకరు ముందు అడుగు పెట్టాలి. ఆ ముందు వెళ్లినవాడు తిరిగొస్తాడన్న ఆశ తక్కువ.

గబర్ సింగ్ ఉన్నది ఆ బాయ్‌నెట్ దళంలోనే. తర్వాత అతనికి పతకం ప్రకటిస్తూ ప్రభుత్వ గెజిట్‌లో రాసింది కొన్ని వాక్యాలే. వాటి సారాంశం ఇది: జర్మన్ల ప్రధాన కందకంలోకి చొరబడ్డ దళంలో, ప్రతి మలుపు దగ్గరా అందరికంటే ముందు అవతలికి వెళ్లింది అతనే. శత్రువులను వెనక్కి నెడుతూ, చివరికి లొంగిపోయేలా చేశాడు. ఆ పోరులోనే ప్రాణం విడిచాడు.

‘ప్రతి మలుపు దగ్గరా’ అన్న మాట గమనించండి. ఒక్కసారి తెగించడం వేరు. ఒక మలుపు తిరిగి బతికి బయటపడ్డాక, ఇక చాలు, ఇప్పుడు ఇంకెవరైనా వెళ్లండి అనవచ్చు. అన్నా తప్పు పట్టేవాళ్లు లేరు. అతను అనలేదు. రెండో మలుపుకూ తనే ముందు, మూడో మలుపుకూ తనే ముందు. అందుకే అతని వెనక వచ్చిన ఎందరో బతికారు.

ఇరవయ్యో పుట్టినరోజుకు ఇంకా నలభై రెండు రోజులుంది. ఆ పుట్టినరోజు దాటిన వారానికి, 1915 ఏప్రిల్ 28న విక్టోరియా క్రాస్ ప్రకటన వెలువడింది.

గెలిచింది ఎంత?

ఆ రోజు నవ్ షపెల్ పల్లె దొరికింది. ఓబెర్ గట్టు దొరకలేదు. వార్తాహరుల రాక ఆలస్యమై, ఫిరంగి గుండ్లు చాలక మార్చి 13కల్లా దాడి ఆగిపోయింది. రెండు కిలోమీటర్ల లోపు నేల చేతికొచ్చింది. దానికి చెల్లించిన మూల్యం... చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిసి పదకొండు వేల మందికి పైగా. అందులో నాలుగు వేల మందికి పైగా భారతీయులు. గఢ్వాలీలు ఎంతగా తగ్గిపోయారంటే, రెండు బెటాలియన్లనూ కలిపి కొంతకాలం ఒకటిగా నడపాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి మన కాల్బలాలను ఫ్రాన్స్ నుంచి కదిలించారు. ఇంటికి కాదు, మెసపటేమియాకు... అంటే ఇప్పటి ఇరాక్‌కు. బురద పోయి ఇసుక వచ్చింది, అంతే తేడా.

మొత్తం మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు.

చితి లేదు, సమాధి లేదు

గాయపడి ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆసుపత్రికి చేరి, అక్కడ కన్నుమూసిన హిందువులకు, సిక్కులకు కనీసం చితి దక్కింది. ఆ ఊరి బయట పచ్చిక కొండ మీద వాళ్లను దహనం చేశారు. ఆ చోట కట్టిన తెల్లని పాలరాతి ఛత్రి నేటికీ ఉంది. గబర్ సింగ్‌కు ఆ భాగ్యమూ లేదు. అతని శరీరం ఏమైందో తెలియదు.

అలా ఆనవాలు లేకుండా పోయిన భారతీయుల కోసం నవ్ షపెల్‌లోనే ఒక స్మారకం కట్టారు. హెర్బర్ట్ బేకర్ దాన్ని రూపొందించారు. గుండ్రని ప్రహరీ, మన కోటల్లో కనిపించే జాలీ పనితనం, తామర పువ్వును శిరసున మోస్తున్న పదిహేను మీటర్ల స్తంభం, కాపలాగా రెండు రాతి పులులు. 1927 అక్టోబరు 7న దాన్ని ప్రారంభించారు. 4,700 మందికి పైగా పేర్లున్నాయి ఆ గోడల మీద. గబర్ సింగ్ నేగీ పేరు అందులో ఒకటి. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ పర్యటనకు వెళ్లిన ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ నివాళులర్పించారు.

అక్కడ పేరైనా ఉంది. ఆ అదృష్టం అందరికీ దక్కలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద ఆంగ్ల అధికారులకు పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి ఫలానా రెజిమెంటులో ఇంతమంది అని అంకెతో సరిపెట్టారు. ఇలా ఆసియా, ఆఫ్రికా సైనికుల విషయంలో జరిగిన వివక్షను ఆ స్మారకాల బాధ్యత చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషనే 2021లో తన నివేదికలో ఒప్పుకుంది. పేరు లేకుండా, బహుశా ఏ గుర్తూ లేకుండా మిగిలిపోయినవాళ్లు కనీసం 1,16,000 మంది ఉంటారని తేల్చింది. ఏప్రిల్ 22న బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నూరేళ్లు పట్టింది ఆ ఒక్క మాటకు!

పతకం ఇంటికొచ్చింది

ఫ్రాన్స్ రాతి గోడ మీద పేరు చెక్కడానికి రెండేళ్ల ముందే, 1925లో, చంబాలో గబర్ సింగ్‌కు స్మారకం వెలిసింది. మనిషి రాలేదు. పతకం వచ్చింది. దాన్ని అందుకున్నది అతని భార్య సతూరీ దేవి.

చిన్న వయసులోనే పెళ్లయింది ఆమెకు. కాపురం కుదుటపడకముందే భర్త పటాలానికి, అటునుంచి సముద్రాల అవతలికి వెళ్లిపోయాడు. మిగిలింది ఒక కంచు పతకం, ఒక పేరు. ఆ పతకాన్ని ఆమె పెట్టెలో దాచుకోలేదనీ, బట్టలకు తగిలించుకునే నలుగురిలోకీ వచ్చేదనీ, దారిలో ఎదురైన సైనికులు ఆగి సెల్యూట్ చేసేవారనీ ఆ కొండల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదంటే శుభకార్యానికి ఎదురు రాకూడదనేవారు. అలాంటి కాలంలో ఒక పల్లెటూరి స్త్రీ తన భర్త గుర్తును గుండె మీద పెట్టుకుని తలెత్తుకు నడిచింది. పెద్ద పెద్ద సైనికాధికారులు ఆమె ముందు చెయ్యెత్తి నిలబడ్డారు. యుద్ధం ఆమెకు ఇచ్చింది ఆ గౌరవం. ఆ గౌరవానికి తీసుకున్న వెల ఎంతో ఆమెకొక్కతికే తెలుసు.

1971 నుంచి చంబా స్మారకం బాధ్యతను గఢ్వాల్ రైఫిల్స్ తీసుకుంది. ఏటా రెజిమెంటు వచ్చి లాంఛనంగా వందనం చేయడం ఆనవాయితీ అయింది. అక్కడివాళ్ల సౌరమాన లెక్కలో అది బైశాఖం ఎనిమిదో రోజు. అప్పటికి అడవుల్లో ఎర్రటి బురాంశ్ పూల కాలం ముగింపుకొస్తుంది. గోధుమ కోతల సమయం. యమునోత్రి, గంగోత్రి ఆలయాల తలుపులు తెరిచే అక్షయ తృతీయ కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. యాత్రికులు రాకముందు, కొండలు ఇంకా కొండవాళ్లవిగానే ఉన్న రోజుల్లో జరుగుతుంది ఈ జాతర.

ఎవరి కోసం చనిపోయినట్టు?

ఇక్కడో ప్రశ్న రాక మానదు. గబర్ సింగ్ పోరాడింది ఎవరి కోసం? మనల్ని ఏలుతున్నవాళ్ల కోసం. అతని ఛాతీ మీద ఉండాల్సిన పతకానికి ఉన్నది వాళ్ల రాణి పేరు. జర్మన్లతో గఢ్వాల్ పల్లెకు ఏ తగాదా లేదు. మరలాంటప్పుడు స్వతంత్ర భారతంలో అతనికి జాతర ఎందుకు?

దీనికి జవాబు గఢ్వాల్ చరిత్రలోనే ఉంది. నవ్ షపెల్‌లో గబర్ సింగ్ పోరాడిన రెండో బెటాలియన్, యుద్ధం తర్వాత పేరు మారి 18వ రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్ అయింది. 1930 ఏప్రిల్‌లో అది పెషావర్‌లో ఉంది. దేశమంతటా ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న రోజులు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అరెస్టుతో పెషావర్ భగ్గుమంది. ఏప్రిల్ 23న కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన జనం గుమిగూడారు. కాల్పులు జరపమని ఆజ్ఞ. గఢ్వాలీలు తుపాకులు దించేశారు. జనం మీద పేల్చేది లేదన్నారు.

వాళ్లకు ముందు నిలిచినవాడు చంద్ర సింగ్ గఢ్వాలీ. ఆయన కూడా 1915లో ఫ్రాన్స్‌లో పోరాడి వచ్చినవాడే! అంటే యుద్ధమంటే ఏమిటో, తుపాకీ గుండు మనిషిని ఏం చేస్తుందో కళ్లారా చూసినవాడు. చావుకు భయపడి కాల్చనన్న మనిషి కాదు. ఆయనకు యావజ్జీవ శిక్ష వేశారు. 1941లో గానీ బయటకు రాలేదు.

పదిహేనేళ్ల తేడాలో ఒకే పటాలం. ఒకచోట ఆజ్ఞ పాటించి ప్రాణమిచ్చింది. ఇంకోచోట ఆజ్ఞ ధిక్కరించి జైలుకెళ్లింది. ఏప్రిల్ 21న గబర్ సింగ్ జాతర. ఏప్రిల్ 23న పెషావర్ వీరుల సంస్మరణ. రెండు రోజుల తేడాతో ఇద్దరినీ తలుచుకుంటారు గఢ్వాలీలు. ఇందులో వాళ్లకు ఏ తిరకాసూ కనిపించదు. మొదటివాడు తన పక్కవాడిని కాపాడటానికి ముందు నడిచాడు. రెండోవాడు తన ఎదుటివాడిని కాపాడటానికి తుపాకీ దించాడు. పంపించిన దొరలు ఎవరన్నది వాళ్ల లెక్కలోకి రాదు. నిలబడిన మనిషి ఎలా నిలబడ్డాడన్నదే లెక్క.

యుద్ధాన్ని మెచ్చుకోకుండానే సైనికుణ్ని గుర్తుపెట్టుకోవచ్చు. చదువుకున్నవాళ్లు ఎన్నో ఏళ్లు తర్జనభర్జన పడ్డ ఈ సంగతిని కొండ జనం పెద్దగా ఆలోచించకుండానే ఆచరణలో పెట్టారు. స్వాతంత్య్రం వచ్చాక, తెల్లవాళ్ల కోసం పోరాడినవాళ్లన్న మొహమాటంతో మన పాఠ్యపుస్తకాలు ఈ సైనికులను పెద్దగా పట్టించుకోలేదు. అటు బ్రిటన్ తన యుద్ధకథల్లో వీళ్లకు చోటిచ్చింది అంతంతమాత్రం. ఇద్దరి మధ్యా జారిపోవాల్సిన పేరును చంబా జాతర పట్టుకుంది.

మనవాళ్లూ ఉన్నారు

ఈ కథ గఢ్వాల్‌ది మాత్రమే కాదు. తెలుగు నేలకూ ఇందులో వాటా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అన్న పేరు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్లారని చెబుతారు. తెలుగు, తమిళ యువకులతో నిండిన మద్రాసు శాపర్లు మెసపటేమియాలో వంతెనలు కట్టారు, దారులు వేశారు.

ఢిల్లీలో నెహ్రూ నివసించిన భవనానికి ‘తీన్‌మూర్తి’ అన్న పేరు ఎందుకొచ్చిందో తెలుసా? దాని ముందున్న కూడలిలోని మూడు సైనిక విగ్రహాల వల్ల. హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల ఆశ్విక దళాలకు గుర్తులవి. పాలస్తీనా, సినాయ్ ఎడారుల్లో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో ఈ మూడూ ఉన్నాయి. 2018 నుంచి ఆ కూడలి పేరు తీన్‌మూర్తి హైఫా చౌక్. హైదరాబాద్ నుంచి ఢిల్లీ చూడటానికి వెళ్లే మనవాళ్లలో ఎంతమంది ఆ మూడింటిలో ఒకటి మనదని తెలిసి ఆగుతారు?

మన ఇళ్లలోనూ ఎక్కడో ఒకచోట, అటక మీది ట్రంకు పెట్టెలో ఏ తాతగారిదో రంగు వెలిసిన రిబ్బన్ పతకం ఉండొచ్చు. ఆయన బస్రా వెళ్లారనో, బర్మా వెళ్లారనో ఒక ముక్క వినే ఉంటారు. ఎందుకెళ్లారు, ఏం చూశారు, ఎవరిని పోగొట్టుకున్నారు అని అడిగినవాళ్లు ఉండరు. అడుగుదామనుకునేసరికి చెప్పేవాళ్లు ఉండరు. చంబావాళ్లు చేసింది పెద్ద పనేమీ కాదు. ఏడాదికొక రోజు కేటాయించుకుని, ఆ పేరును పైకి పలికారు. నూరేళ్లుగా పలుకుతూనే ఉన్నారు.

బద్రీనాథ్ వెళ్లే దారిలో కర్ణప్రయాగ తగులుతుంది. తొలి గఢ్వాలీ విక్టోరియా క్రాస్ గ్రహీత దర్వాన్ సింగ్ నేగీది ఆ ప్రాంతమే. ఏం కావాలో కోరుకోమంటే, తనకంటూ ఏమీ అడక్కుండా, మా కర్ణప్రయాగలో బడి పెట్టించమన్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. యుద్ధ స్మారకంగా వెలిసిన బడి ఆ ఊళ్లో ఉంది. తిరిగొచ్చినవాడు ఊరికి బడి తెచ్చాడు. తిరిగి రానివాడికి ఊరే జాతర చేస్తోంది.

ఈసారి గంగోత్రి యాత్రకు వెళ్తే డ్రైవరుతో ఓ మాట చెప్పండి, సొరంగంలోంచి కాకుండా చంబా ఊళ్లోంచి తీసుకెళ్లమని. టీ తాగే పదినిమిషాల్లో రెండు నిమిషాలు ఆ స్మారకం దగ్గర నిలబడండి. పిల్లలుంటే అతనెవరో చెప్పండి. ఆ తర్వాత మళ్లీ ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ముందు ఏముందో కనిపించని మలుపులు, ఒకదాని వెనక ఒకటి.